మాత్ర ఆపిన ఆర్నెల్ల తర్వాత

మందు మొదలుపెట్టిన రోజే డాక్టరు గారిని అడిగాను, ఎన్నాళ్లు వేసుకోవాలండీ అని. "ఆపే మాట ఇప్పట్లో లేదమ్మా. రోజూ రాత్రి భోంచేశాక ఒకటి. మర్చిపోకూడదు, మానకూడదు" అన్నారు. అప్పుడు నాకు ఏడో నెల. అంతకుముందు గర్భిణులకు చేసే మామూలు రక్తపరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే హెపటైటిస్ బి ఉందని వచ్చింది. వైరల్ లోడ్ బాగా ఎక్కువ ఉండడంతో బిడ్డకు అంటకుండా టెనోఫోవిర్ మొదలుపెట్టారు. పాప పుట్టిన పన్నెండు గంటల్లోపే ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ వేశారు. దానికి జబ్బు రాలేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. నా మాత్ర మాత్రం ఆగలేదు.

తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆ చదువు వల్ల కొంత, నా జబ్బు సంగతి నేనే తెలుసుకోవాలన్న పంతం వల్ల కొంత, దీర్ఘకాలిక హెపటైటిస్ బికి రెండు మూడు మందులు కలిపి ఇచ్చి చూస్తున్న ప్రయోగాల ఫలితాలు వచ్చినప్పుడల్లా సంపాదించి చదువుతుంటాను. వాటిలో నేను వెతికేది ఒకే అంకె. మందులన్నీ ఆపేసి ఆర్నెల్లు గడిచాక ఎంతమంది రక్తంలో వైరస్ ఆనవాలు లేకుండా ఉంది? మందు వాడుతుండగా వచ్చిన ఫలితం ఎంత గొప్పగా ఉన్నా నాకు తృప్తి ఉండదు.

ఇది నా ఒక్కదాని అక్కర కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ఈ వైరస్‌తో బతుకుతున్నవాళ్లు 25.4 కోట్ల మంది. అందులో మన దేశంవాళ్లే 2.98 కోట్లు. ఆ ఒక్క ఏడాదిలో హెపటైటిస్ బి వల్ల సిరోసిస్, లివర్ క్యాన్సర్ లాంటివి వచ్చి చనిపోయినవాళ్లు 11 లక్షలు. పెద్దవాళ్లకు సోకితే వందలో తొంభై అయిదు మందికి పైగా దానంతటదే పోతుంది. పసికందుకు సోకితే వందలో తొంభై మందిలో ఉండిపోతుంది. నాకూ పుట్టినప్పుడే అమ్మ దగ్గర్నుంచి వచ్చి ఉంటుందని డాక్టరు గారి అభిప్రాయం. అప్పట్లో ఈ పరీక్ష చేయించుకున్న గర్భిణులు మా ఊళ్లో ఎవరున్నారు?

ఈ వైరస్ కాలేయ కణంలో దూరాక తన డీఎన్‌ఏను కణకేంద్రకంలో చిన్న గుండ్రటి చుట్టగా బిగించి దాచుకుంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని సీసీసీ డీఎన్‌ఏ అంటారు. కొత్త వైరస్‌లు పుట్టుకొచ్చేదంతా ఆ మూలప్రతి నుంచే. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు దాని జోలికి పోవు. దాన్నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏ తిరిగి డీఎన్‌ఏగా మారే మెట్టు దగ్గర అడ్డుపడతాయి, అంతే. మా డెల్టాలో తుంగతో విసిగిపోని రైతు ఉండడు. పైపైన కోస్తున్నన్నాళ్లూ చేను శుభ్రంగానే కనిపిస్తుంది, అడుగున గడ్డ అలాగే ఉంటుంది. కోయడం మానేస్తే మళ్లీ మొలుస్తుంది. టెనోఫోవిర్ చేసేదీ ఆ కోతే.

నా ల్యాబ్ రిపోర్టు చూస్తే ఈ సంగతి ఒకే కాగితం మీద కనిపిస్తుంది. పై వరసలో హెచ్‌బీవీ డీఎన్‌ఏ: కనిపించలేదు. ఆ వరస చూసి మావారు సంతోషిస్తారు. దాని కింద ఇంకో వరస, హెచ్‌బీఎస్‌ఏజీ క్వాంటిటేటివ్: నాలుగు వేల యూనిట్ల పైచిలుకు. ఇన్నేళ్లలో పై అంకె కోట్ల నుంచి సున్నాకు వచ్చింది, కింది అంకె పెద్దగా కదల్లేదు. హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ పైపొరలో ఉండే ప్రోటీన్. 1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో మొదట పట్టుకున్నది దీన్నే. ఆ కృషికి ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది. వైరస్ తనకు కావలసినదానికన్నా వేల రెట్లు ఎక్కువగా ఈ ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. లోపల ఏమీ లేని ఆ ఉత్త పొరల మీదే పోరాడి పోరాడి మన రోగనిరోధక కణాలు అలసిపోతాయి. పైగా వైరస్ డీఎన్‌ఏ ముక్కలు కొన్ని మన క్రోమోజోముల్లోనే అతుక్కుపోయి ఉంటాయి. అవీ ఈ ప్రోటీన్‌ను తయారుచేస్తూనే ఉంటాయి. టెనోఫోవిర్ ఆపేది ఆ దారిని కాదు.

అందుకే వైద్యులు ఇప్పుడు ఫంక్షనల్ క్యూర్ అనే గీత గీసుకున్నారు. మందు ఆపిన 24 వారాల తర్వాత కూడా రక్తంలో వైరస్ డీఎన్‌ఏ గానీ, హెచ్‌బీఎస్‌ఏజీ గానీ కనిపించకూడదు. లోపలి మూలప్రతి పూర్తిగా మాయం కాకపోయినా, శరీరం దాన్ని తనంతట తానే అదుపులో పెట్టుకుంటున్నట్టు లెక్క. ఉత్త టెనోఫోవిర్‌తో హెచ్‌బీఎస్‌ఏజీ పోయేది ఏడాదికి నూటికి ఒక్కరికి కూడా కాదు.

మందులు కలిపి ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. క్షయకు ఒకే మందు ఇస్తే బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారైంది, రెండు మూడు కలిపితే లొంగింది. హెచ్‌ఐవికీ అంతే. హెపటైటిస్ సికి రెండు మందులు కలిపి మూడు నెలలు ఇస్తే నయమే అయిపోతోంది. మరి బికి ఎందుకు కాదు? 1998లో వచ్చిన లామివుడిన్‌కు వైరస్ త్వరగా అలవాటుపడిపోయింది. అయిదేళ్లు వాడినవాళ్లలో నూటికి డెబ్బై మంది దాకా మందు పనిచేయని స్థితి వచ్చింది. అప్పుడు జోడు మందులే దారి అనుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఎంటెకావిర్, టెనోఫోవిర్ గట్టివి. వాటికి వైరస్ అంత సులువుగా అలవాటుపడదు. ఆ రెంటినీ కలిపి ఇచ్చి కూడా చూశారు. 2012లో వచ్చిన ఫలితాల్లో ఎంటెకావిర్ ఒక్కటే వేసుకున్నవాళ్లకూ, రెండూ వేసుకున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ ఒకే మెట్టు దగ్గర అడ్డుపడే మందులు. అడ్డుపడిన చోటే ఇంకోసారి అడ్డుపడితే కలిసొచ్చేదేముంది? క్షయ పాఠం ఇక్కడ పనికిరాలేదు. జత కుదరాలంటే రెండో మందు వేరే చోట పనిచేయాలి.

అలా వేరే చోట పనిచేసే పాత మందు ఇంటర్‌ఫెరాన్. రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే ఇంజెక్షన్. వారానికొకటి చొప్పున 48 వారాలు పొట్ట మీదో తొడ మీదో వేసుకోవాలి. జ్వరం, ఒళ్లు నొప్పులు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కొందరికి తీవ్రమైన దిగులు. అంత బాధ పడ్డాక దక్కేదేమిటన్నది న్యాయమైన ప్రశ్న. 2004, 2005లలో ఇంటర్‌ఫెరాన్‌కు లామివుడిన్ జోడించి చేసిన పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. మందు నడుస్తున్నంతకాలం జోడు మందులు తీసుకున్నవాళ్లలో వైరస్ ఇంకా బాగా తగ్గింది. ఆపాక ఆర్నెల్లకు చూస్తే ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. నేను ఆ ఒక్క అంకె కోసమే చూస్తానని చెప్పింది ఇందుకే.

టెనోఫోవిర్‌తో కలిపినప్పుడు కొంత మేలు కనిపించింది. 740 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. రెండూ కలిపి 48 వారాలు తీసుకున్నవాళ్లలో, ఆపాక 24 వారాలకు నూటికి 9.1 మందిలో హెచ్‌బీఎస్‌ఏజీ పోయింది. ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 2.8. టెనోఫోవిర్ ఒక్కటే వేసుకున్నవాళ్లలో సున్నా. తొమ్మిది అంటే తక్కువే. కానీ సున్నాకీ తొమ్మిదికీ ఉన్న తేడా నాలాంటివాళ్లకు చిన్నదేం కాదు.

అన్ని జతలూ ఇలా క్షేమంగా నడవలేదు. టెల్బివుడిన్ అనే మాత్రను ఇంటర్‌ఫెరాన్‌తో కలిపినప్పుడు కాళ్లూ చేతుల నరాలు దెబ్బతినడం ఎక్కువై ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటికి విడివిడిగా వాడుకలో ఉన్న మందులే అవి. కలిపినప్పుడే అంత ప్రమాదం బయటపడింది. వైరస్ విపరీతంగా ఉన్నా కాలేయానికి వాపు రాని దశలో ఉన్నవాళ్లకు ఎంటెకావిర్, ఇంటర్‌ఫెరాన్ కలిపి అమెరికా, కెనడాలలో ఇచ్చి చూశారు. ఇరవై ఎనిమిది మంది పెద్దవాళ్లలో ఒక్కరు కూడా అనుకున్న ఫలితానికి చేరలేదు. అరవై మంది పిల్లల్లో చేరినవాళ్లు ఇద్దరు. ఈ అంకెలు నిరాశగా అనిపిస్తాయి. కానీ అచ్చు వేయకుండా దాచేస్తే, అదే జతను ఇంకో దేశంలో ఇంకో అరవై మంది పిల్లల మీద మళ్లీ ప్రయత్నించేవాళ్లు. పనిచేయలేదని చెప్పిన ప్రయోగాలకు నేను అంతే గౌరవం ఇస్తాను.

ఇక కొత్త మందులు. వీటిలో ముఖ్యమైనవి వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతికి పట్టుకుని ముక్కలయ్యేలా చేసే ఇంజెక్షన్లు. వీటితో పైపొర ప్రోటీన్ తయారీయే తగ్గిపోతుంది, నా రిపోర్టులో కదలని ఆ కింది వరస కదులుతుందన్నమాట. ఇంకో రకం, వైరస్ తన డీఎన్‌ఏ చుట్టూ కట్టుకునే గుల్లను సరిగ్గా కట్టుకోనివ్వని మాత్రలు. కాగితం మీద చూస్తే ఈ రెంటినీ మామూలు మాత్రతో కలిపి మూడు వైపుల నుంచి కొడితే తిరుగుండదనిపిస్తుంది. రీఫ్-1 అనే ప్రయోగం చేసిందదే. నాలుగు వందల డెబ్బై మంది, 48 వారాలు. మందులు ఆపొచ్చు అనదగ్గ స్థితికి ఎంతమంది చేరతారన్నది కొలత. మామూలు మాత్రకు కొత్త ఇంజెక్షన్ పెద్ద మోతాదులో జోడించిన గుంపులో నూటికి 19 మంది, అందులో సగం మోతాదులో జోడించిన గుంపులో 16 మంది చేరారు. ఆ సగం మోతాదుకు మూడో మందుగా గుల్ల మాత్రను కూడా కలిపిన గుంపులో చేరింది 9 మంది. మామూలు మాత్ర ఒక్కటే వాడిన గుంపులో 2. మూడో మందు చేరాక ఫలితం పెరగకపోగా దాదాపు సగానికి పడిపోయింది. ఆపి ఆర్నెల్లు చూశాక ఫంక్షనల్ క్యూర్ అయినవాళ్లు ఎవరూ లేరు.

ఈ ఫలితం చదివిన రోజు స్టాఫ్‌రూమ్‌లో చాలాసేపు ఆ పట్టికనే చూస్తూ కూర్చున్నాను. మూడు మందుల గుంపు పక్కన రెండు మందుల గుంపు లేకపోయి ఉంటే ఏమయ్యేది? రెండుకన్నా తొమ్మిది మేలు కదా అని మూడు మందులూ కలిపి ఖాయం చేసేవాళ్లు. లక్షల మంది అక్కర్లేని మందును ఏళ్ల తరబడి మింగేవాళ్లు. కాంబినేషన్ ప్రయోగంలో ప్రాణమంతా ఆ పక్క గుంపుల్లోనే ఉంది. ఏ మందు ఎంత చేసిందో విడదీసి చెప్పలేని ప్రయోగాన్ని, ఫలితం ఎంత బాగున్నా నేను నమ్మలేను.

ఇప్పటివరకూ నాకు ఎక్కువ ఆశ కలిగించినది 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పిరాంగా ప్రయోగం. అప్పటికే మాత్రలతో వైరస్ అదుపులో ఉన్నవాళ్లను అయిదు గుంపులు చేశారు. ఆర్‌ఎన్‌ఏను పట్టే జాల్నెసిరాన్ ఇంజెక్షన్ చిన్న మోతాదు ఒక గుంపుకు, పెద్ద మోతాదు ఇంకో గుంపుకు. పెద్ద మోతాదుకు రోగనిరోధక శక్తిని లేపే రుజోటోలిమోడ్ కలిపి ఒక గుంపుకు, ఇంటర్‌ఫెరాన్ కలిపి మరో గుంపుకు. చివరి గుంపుకు వాళ్ల పాత మాత్ర మాత్రమే. 48 వారాలు. ఆపాక 24 వారాలకు హెచ్‌బీఎస్‌ఏజీ పోయినవాళ్లు వరసగా నూటికి 7, 3, 12, 23, సున్నా. ప్రోటీన్‌ను తగ్గించే మందు ఒక్కటే చాలదు. తగ్గిన ఆ సమయంలో శరీరాన్ని లేపే మందు తోడైతే ఫలితం కనిపిస్తోంది. ఇంటర్‌ఫెరాన్ గుంపులో దాదాపు నలుగురిలో ఒకరికి పోయింది. అయితే అదే గుంపులో సగం మందికి తీవ్రమైన ఇబ్బందులు, ఎక్కువగా కాలేయ ఎంజైములు పెరగడం, వచ్చాయి. ఒక్కో గుంపులో ఉన్నది ముప్పై మంది, కాస్త అటూ ఇటూ. ఇరవై మూడు శాతమంటే ఏడుగురు మనుషులు. ఇంకో సంగతి, హెచ్‌బీఎస్‌ఏజీ పోయినవాళ్లందరికీ మొదట్లోనే అది వెయ్యి యూనిట్ల లోపుంది. నాది నాలుగు వేలు. ఇది చదివాక కాసేపు మనసు పాడైన మాట నిజమే. అయినా నా కింది వరసను అంతవరకు దించగలిగే మందు ముందు, లేపే మందు తర్వాత అన్న దారి ఒకటి తెరుచుకుంది. బెపిరోవిర్సెన్ అనే మరో ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున 24 వారాలు ఇచ్చినప్పుడు, ఆపాక ఆర్నెల్లకు నూటికి తొమ్మిది పదిమందిలో వైరస్ ఆనవాలు లేకపోవడం 2022లోనే చూశారు. అది మూడో దశ ప్రయోగాలదాకా వెళ్లింది. అక్కడ చేర్చుకున్నది మూడు వేల యూనిట్లకు మించనివాళ్లనే.

"ఇవన్నీ ఎందుకమ్మా, నేల ఉసిరి పసరు తాగు, కామెర్లన్నీ కడుక్కుపోతాయి" అని మా పెద్దత్తయ్య ఇప్పటికీ అంటుంది. ఆమెను తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే నేల ఉసిరిని నిజంగానే ప్రయోగానికి పెట్టారు. పెట్టినవాళ్లలో సాక్షాత్తూ బ్లంబర్గ్ ఉన్నారు. మద్రాసులో త్యాగరాజన్ బృందంతో కలిసి చేసిన ఆ పని 1988లో లాన్సెట్‌లో వచ్చింది. ఎండబెట్టిన మొక్క పొడి ఇచ్చిన 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయింది. డమ్మీ మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. నేటి ఏ ఖరీదైన ఇంజెక్షనూ దరిదాపులకు రాని అంకె. కానీ తర్వాత వేరే చోట్ల వేరే బృందాలు చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. ఒకచోట వచ్చినది ఇంకోచోట రావాలి. వస్తేనే అది మందు. నేల ఉసిరికీ, జాల్నెసిరాన్‌కూ ఒకటే రూలు. అత్తయ్యకు ఇదంతా చెప్పాను. వింది. మాత్ర మానకుండా ఉంటే చాలంది.

మాత్ర మానడం గురించి చెప్పక తప్పదు. రీఫ్-2 అనే ప్రయోగంలో కొత్త మందులు తీసుకున్న గుంపూ, డమ్మీ మందు తీసుకున్న గుంపూ కూడా 48 వారాల తర్వాత పాత మాత్రలతో సహా అన్నీ ఆపేశారు. ఆపితే ఏమవుతుందో చూడడమే అక్కడి ఉద్దేశం. డమ్మీ గుంపులోని ఒకరికి వైరస్ ఉవ్వెత్తున లేచి కాలేయం దెబ్బతిని, అర్జెంటుగా కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. కొత్త మందే ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. అంతకు చాలాముందు, 1993లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో ఫియాలురిడిన్ అనే మందు ప్రయోగంలో పదిహేను మంది చేరితే ఏడుగురి కాలేయం పాడైపోయింది. అయిదుగురు చనిపోయారు, మార్పిడితో బతికినవాళ్లు ఇద్దరు. మందు ఆపేశాక కూడా ఆ విషం పనిచేస్తూనే పోయింది. హెపటైటిస్ బి ప్రయోగాలు ఇంత నిదానంగా, ఇన్ని రక్తపరీక్షలతో నడవడం వెనుక ఆ పదిహేను మంది ఉన్నారు. కొత్త మందు ఎందుకింత ఆలస్యమని విసుక్కునేవాళ్లు ఒకసారి వాళ్లను తలుచుకోవాలి.

ఈ ప్రయోగాల్లో కొన్నిటిలో చేరినవాళ్లు ఎక్కువగా తూర్పు ఆసియావాళ్లు. అక్కడ వైరస్ రకాలు (జీనోటైపులు) ఎక్కువగా బి, సి. మన దేశంలో డి, ఎ ఎక్కువ. ఇంటర్‌ఫెరాన్ ఎ మీద బాగా పనిచేస్తుంది, డి మీద తక్కువ. కాబట్టి పిరాంగాలోని ఆ ఇరవై మూడు శాతం తెనాలిలో ఇరవై మూడే అవుతుందన్న నమ్మకం లేదు. మనవాళ్లను కూడా చేర్చుకుని చూడాలి, అది మన ఆసుపత్రుల్లో జరగాలి. అందుకు కావలసిన చట్టం మనకుంది. 2009 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2019 నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ప్రయోగం వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. ధర మాటకొస్తే, హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చాకే మనదేశంలో అది సామాన్యుడికి అందింది. ప్రపంచంలో చాలా దేశాలు వాడే టెనోఫోవిర్‌ను హైదరాబాదు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. రేపు రాబోయే జోడు మందులకూ ఇదే దారి పట్టించాలని నా గట్టి కోరిక. నలుగురిలో ఒకరికి నయం చేసే మందు నలుగురికీ అందని ధరలో ఉంటే ఆ ఒక్కరు ఎవరో తేలేదెలా?

మొన్న డాక్టరు గారు అన్నారు, "ఎప్పుడైనా ఇక్కడ ట్రయల్ మొదలైతే మీరు వస్తారా మేడమ్?" అని. వస్తానన్నాను. ఏమేం అడగాలో డైరీలో రాసిపెట్టుకున్నాను. నా పక్క గుంపుకు ఏ మందు ఇస్తున్నారు? నాకున్న నాలుగు వేల యూనిట్లతో ఇదివరకు ఎవరినైనా చేర్చుకున్నారా, వాళ్ల సంగతి ఏమైంది? ఇంటర్‌ఫెరాన్ వల్ల దిగులు పట్టుకుంటే అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు? కాగితాలు తెలుగులో ఉంటాయా? అన్నిటికన్నా పైన, రెండుసార్లు గీత గీసి రాసుకున్నది: టెనోఫోవిర్ కూడా ఆపమంటే, ఆపిన తర్వాత ఎన్ని వారాలకొకసారి కాలేయ ఎంజైము ఎస్‌జీపీటీ, వైరల్ లోడ్ చూస్తారు, ఏ అంకె దాటితే ఆ రోజే మళ్లీ మాత్ర మొదలుపెడతారు?